అరకు, వంజంగి, లంబసింగి: అసలు వెళ్లొచ్చా అని అడిగినవారికి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాలుగు కుటుంబాలు, కాలేజీ కుర్రాళ్లు, చిన్నపిల్లలతో కలిపి 14 మంది, హైదరాబాదు నుంచి మూడు కార్లలో బయల్దేరి క్రిస్మస్ సెలవుల్లో మూడు రోజుల పాటు బొర్రా గుహలు, అరకు, చాపరాయి జలపాతం, వంజంగి, లంబసింగి చూడాలని మీ ప్లాను. టూరిస్టుల వల్ల ఏజెన్సీ (కొండల్లోని గిరిజన ప్రాంతం) పాడైపోతోందని వీడియోల్లో చూశాక, వెళ్లడమే తప్పేమో అని టెన్షన్‌గా ఉందన్నారు. వెళ్తే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి, అక్కడి పిల్లలకు పంచడానికి చాక్లెట్లు, పెన్నులు, పాత బట్టలు తీసుకెళ్లవచ్చా అని కూడా అడిగారు.

నేను పాడేరు వైపు 19 ఏళ్లు టీచరుగా పనిచేశాను. ఇప్పుడు విశాఖలో ఉంటున్నా నెలకోసారైనా ఘాటెక్కుతాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. వెళ్లండి. కాకపోతే క్రిస్మస్ వారంలో వద్దు, ఈ ప్లానుతో వద్దు.

అందరూ చెత్త గురించే మాట్లాడతారు. చెత్త సంగతి నేనూ చెప్తాను గానీ, అంతకంటే ముందు చెప్పాల్సింది రోడ్డు గురించి. డిసెంబరు ఆదివారాల్లో తెల్లవారుజామున మేఘాలు చూడటానికి వంజంగి కొండకు ఎన్ని బళ్లు వస్తాయో మీరు ఊహించలేరు. అవన్నీ తొమ్మిది గంటలకల్లా ఒకేసారి దిగుతాయి. అలాంటి ఒక ఆదివారం పాడేరు ఘాట్‌లో 108 అంబులెన్సు ఇరుక్కుపోయింది. నేను దాని వెనక బస్సులో ఉన్నాను. లోపల నిండు గర్భిణి, పక్కన ఆమె తల్లి. వాళ్ల ఊరికి రోడ్డు లేదు. నాలుగు కిలోమీటర్లు డోలీలో మోసుకొచ్చి బండెక్కించారట. అంత కష్టపడి రోడ్డు మీదకు వస్తే, మలుపులో కార్లు ఆపి ఫొటోలు దిగుతున్నవాళ్ల వల్ల ముప్పావు గంట కదలిక లేదు. మా బస్సులో వాళ్లం దిగి, ఒక్కో కారు దగ్గరికీ వెళ్లి బతిమాలి పక్కకు తీయించాం. దేవుడి దయవల్ల తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు. ఆ కార్లవాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు. అంబులెన్సు సంగతి తెలియగానే అందరూ కంగారుపడి బళ్లు తీశారు. ఆ రోడ్డు మీద వేరే ఎవరికైనా పని ఉంటుందన్న సంగతే వాళ్లకు తట్టలేదు.

అందుకే నేను మొదట మార్చమనేది తేదీలు. కార్తీక మాసం ఆదివారాలు, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, సంక్రాంతి సెలవులు, ఈ మూడూ వదిలేయండి. పిల్లల బడి వల్ల కుదరదంటారా? జనవరి చివర్లో సోమ, మంగళవారాలు సెలవు పెట్టించి ఆదివారం మధ్యాహ్నానికి కొండెక్కండి. మీరు ఎక్కేసరికి జనం దిగిపోతుంటారు. చలి అప్పుడు కూడా బాగానే ఉంటుంది, పొగమంచూ ఉంటుంది. కొండ పొలాల్లో పసుపుపచ్చగా పూసే వలిసె పూలు మాత్రం అప్పటికి అయిపోతాయి. అవే కావాలనుకుంటే నవంబరులో వారం మధ్య రోజులు చూసుకోండి.

ఇక ప్లాను. మూడు రోజుల్లో అయిదు చోట్లంటే మీరు చూసేది ఎక్కువగా రోడ్డే. అరకు నుంచి పాడేరు మీదుగా లంబసింగికి వంకర రోడ్లలో దాదాపు సగం రోజు పడుతుంది. పొగమంచు కోసం పొద్దున్నే అక్కడ ఉండాలంటే అర్ధరాత్రి బయల్దేరాలి, ఊళ్లన్నీ నిద్రపోతున్న వేళ మూడు కార్లు హారన్లు కొట్టుకుంటూ పోవాలి. లంబసింగి ఈసారికి మానుకోండి. అరకులో రెండు రాత్రులు ఉండండి, బొర్రా చూడండి, ఒక సంతకు వెళ్లండి, కాఫీ తోటల మధ్య ఒక పూట నడవండి. హడావుడి లేకపోతే ఖర్చు పెట్టే డబ్బు కూడా అక్కడి మనుషుల చేతికి చేరుతుంది. కారు దిగి, ఫొటో తీసుకుని, మళ్లీ కారెక్కి వెళ్లిపోయేవాళ్ల వల్ల ఆ ఊళ్లకు మిగిలేది పొగా, చెత్తా మాత్రమే.

కార్లు విశాఖలోనే వదిలేయండి. ఉదయం కిరండూల్ ప్యాసింజరు ఎక్కితే బొర్రాగుహలు స్టేషన్లోనే దిగవచ్చు. ఆ లైను అసలు వేసింది ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు తేవడానికి, 1960లలో. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా మొత్తం 58 సొరంగాలున్నాయి. 2017 నుంచి అద్దాల బోగీ కూడా వేశారు. పిల్లలకు కారు కిటికీ కంటే ఇది వెయ్యి రెట్లు నచ్చుతుంది. పైన తిరగడానికి అక్కడి జీపు మాట్లాడుకోండి. ఆ డ్రైవరు స్థానికుడైతే రెండు లాభాలు. డబ్బు అక్కడే ఉంటుంది, ఏ ఊళ్లోకి ఎప్పుడు వెళ్లకూడదో అతనికి తెలుసు.

ఎక్కడ బస చేయాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. నాకైతే అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఏజెన్సీ షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతం. అక్కడి భూమిని గిరిజనేతరులు కొనడానికి లేదు. గిరిజనుల నుంచే కాదు, ఇంకో గిరిజనేతరుడి నుంచి కూడా కొనకూడదు. 1959 నాటి భూ బదలాయింపు చట్టాన్ని 1970లో సవరించి ఈ నిబంధన పెట్టారు. అక్కడ చిన్న పిల్లాడిని అడిగినా ‘1/70 చట్టం’ అని చెప్తాడు. మీరు గుహలు చూడబోయే బొర్రా పంచాయతీలోనే గిరిజనుల భూములను గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకిస్తే, సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లి పోరాడింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా అలా లీజుకివ్వడం చెల్లదని 1997లో తీర్పు వచ్చింది. దేశమంతా చెప్పుకునే తీర్పు అది.

ఇప్పుడు గనుల బదులు రిసార్టులు వస్తున్నాయి. కాగితం మీద పేరు ఒక గిరిజనుడిది, గల్లా పెట్టె మాత్రం మైదానం నుంచి వచ్చిన పెట్టుబడిదారుడిది. భూమి సొంతదారుడు అక్కడే వాచ్‌మన్‌గా ఉండటం నేను చూశాను. మా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడి తండ్రి, తన సొంత మెరక పొలంలో కట్టిన గదులకు నీళ్లు మోసేవాడు. కాబట్టి గది బుక్ చేసేముందు ఫోనులో ఒక్క మాట అడగండి: ‘ఈ స్థలం ఎవరిదండీ, నడిపేది ఎవరు?’ అని. స్థానిక కుటుంబం నడిపే హోమ్‌స్టే అయితే జవాబు వెంటనే వస్తుంది. నీళ్లు నమిలితే మీకే అర్థమవుతుంది. 14 మందికి హోమ్‌స్టే సరిపోకపోతే, అరకులోనూ అనంతగిరిలోనూ పర్యాటక శాఖ హరిత రిసార్టులున్నాయి, అవి తీసుకోండి. రాత్రి డీజే పెట్టి, కొండవాలులో టెంట్లు వేసే క్యాంపులకు మాత్రం దయచేసి వెళ్లకండి. పొద్దున్నే పొలానికి పోవాల్సిన మనుషులు ఆ చప్పుడులో నిద్రపోలేరు. క్యాంపుఫైర్ కట్టెలు కూడా పక్క అడవిలోవే.

నీళ్ల సంగతి కాస్త వివరంగా చెప్తాను. మైదానంలో పెరిగినవాళ్లకు ఇది తెలియదు. కొండ ఊళ్లలో చాలా చోట్ల బోర్లు ఉండవు. ఊరికి ఎగువన ఊట ఉంటుంది. అక్కడ చిన్న తొట్టి కట్టి, పైపు వేసి, పల్లానికి నీళ్లు వదులుతారు. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు, గ్రావిటీతోనే ఊళ్లో కుళాయికి వస్తాయి. అంటే కొండ మీద మనం ఏం చేసినా అది కింద ఎవరి బిందెలోకో దిగుతుంది. తెల్లవారుజామున వందల మంది కొండెక్కి, టాయిలెట్లు లేక చెట్ల చాటుకు వెళ్తే ఏమవుతుందో ఆలోచించండి. మీరు కొండెక్కే ముందే, బస చేసిన చోటే, పిల్లలతో సహా ఆ పని ముగించుకోండి. తప్పనిసరైతే నీళ్లకు దూరంగా, జానెడు లోతు గొయ్యి తీసి పూడ్చండి. గెడ్డల్లో (కొండవాగుల్లో) స్నానం చేయాలనిపిస్తే చేయండి. సబ్బు, షాంపూ వద్దు, ఊరికి దిగువన మాత్రమే చేయండి.

అదే గెడ్డ దగ్గర సీసాలు పగలగొట్టేవాళ్లుంటారు. మా బడిలో అయిదో తరగతి పిల్ల ఒకర్తె సోమవారం నాడు కుంటుకుంటూ వచ్చింది. ఆదివారం ఎవరో గెడ్డ ఒడ్డున తాగి పగలగొట్టిన బీరు సీసా ముక్క అరికాల్లో దిగి ఉంది. గుడ్డ విప్పితే గాయం అప్పటికే వాచింది. నేనే బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లాను, మూడు కుట్లు పడ్డాయి. ఆ ఊళ్లో చెప్పుల్లేకుండా నడిచేవాళ్లే ఎక్కువ. మీ గుంపులో ఎవరికైనా తాగే అలవాటుంటే గదిలో కానివ్వండి, ఖాళీ సీసా వెనక్కి తీసుకురండి.

చెత్త విషయానికొస్తే లెక్క వేసి చూడండి. 14 మంది, మూడు రోజులు, మనిషికి రోజుకు లీటరు సీసాలు మూడు. అంటే 126 సీసాలు. కొండ ఊళ్లకు నగరంలోలా చెత్త బండి రాదు. అక్కడి డస్ట్‌బిన్‌లో వేశాం కదా అనుకుంటాం, చివరికి దాన్ని రోడ్డు పక్క లోయలోకి తోస్తారు, లేదంటే కాలుస్తారు. కాబట్టి సీసాలు కొనకండి. బస చేసిన చోట ఇరవై లీటర్ల టిన్ను తెప్పించుకుని, అందరూ ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు బాటిళ్లలో నింపుకోండి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. అయినా దొరుకుతూనే ఉన్నాయి. వాటి బదులు సంతలో అడ్డాకుల విస్తర్లు కొనండి. ఆ ఆకు ఏరి, కుట్టి అమ్మేది అక్కడి ఆడవాళ్లే. ఒక గట్టి గోనెసంచి వెంట ఉంచుకుని చిప్స్ కవర్లు, తడి టిష్యూలు, చంటిపిల్లల డైపర్లు అన్నీ అందులో వేసి విశాఖ దాకా దించండి. డైపర్ల కోసం వేరే మూత డబ్బా పెట్టుకుంటే వాసన రాదు.

వలిసె పూల గురించి అడగలేదు గానీ చెప్పాలి. పసుపుపచ్చగా మెరిసే ఆ పొలాలు ఎవరో అందం కోసం పెంచినవి కావు. వలిసెలు నూనెగింజ పంట. పువ్వు వాడాక నల్లటి సన్న గింజ వస్తుంది, దాన్ని గానుగాడిస్తారు. ఫొటో కోసం ఒక కుటుంబం పొలం మధ్యకు నడిస్తే ఒక చాలు పడిపోతుంది. ఆ వెనక వచ్చినవాళ్లు అదే దారిలో ఇంకా లోపలికి పోతారు. సాయంత్రానికి మడి మధ్యలో కాలిబాట తేలుతుంది. ఒక రైతు ఆ తొక్కిన మొక్కల్ని ఒక్కొక్కటిగా లేపి నిలబెట్టడానికి చూస్తుంటే, నేను గట్టు మీద నిలబడి ఏం మాట్లాడాలో తెలియక వచ్చేశాను. లేపిన మొక్క నిలబడదు, కాడ విరిగిపోయి ఉంటుంది. ఇప్పుడు కొందరు రైతులు మనిషికింత అని తీసుకుని ఒక పక్క దారి వదులుతున్నారు. ‘పువ్వు చూడ్డానికి కూడా డబ్బులా’ అని గొడవ పడేవాళ్లను చూశాను. అడిగినంత ఇవ్వండి, గట్టు దిగకండి.

కాఫీ తోటలకూ ఇదే వర్తిస్తుంది. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు, రోడ్డు పక్కనే ఉంటాయి కాబట్టి అడవి అనుకుంటారు. అది ఎకరం రెండెకరాలున్న ఒక కుటుంబం ఏడాది ఆదాయం. మీరు వెళ్లే రోజుల్లోనే పండ్లు ఎర్రబడి కోతకొస్తాయి. పిల్లలకు చూపించాలంటే తోటవాళ్లను అడగండి, సంతోషంగా చూపిస్తారు. కోసి ఇమ్మనకండి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనాలనుకుంటే జీసీసీ (గిరిజన సహకార సంస్థ) దుకాణంలో కొనండి. గిరిజనుల దగ్గర కొని అమ్మడానికే 1956లో పెట్టిన సహకార సంస్థ అది, తేనె కూడా అక్కడే మంచిది దొరుకుతుంది. రాజ్మా, పసుపు మాత్రం సంతలో నేరుగా కొనండి. మొదటి ధరకే తీసుకోండి. పది రూపాయలు తగ్గించుకుని మీరు బాగుపడేది లేదు. అమ్మే ఆవిడ తెల్లవారకముందే బుట్ట నెత్తిన పెట్టుకుని కొండ దిగి వచ్చింది.

ఫొటోలు. సంతలో ముక్కుకు రెండు మూడు పుడకలు పెట్టుకున్న పెద్దావిడ కనిపిస్తే ముఖం మీదకు ఫోను పెట్టేస్తారు. మన ఇంట్లో అమ్మమ్మను ఎవరైనా అలా తీస్తే ఊరుకుంటామా? అడగండి. వద్దంటే వద్దు. అక్కడి గిరిజనుల నృత్యం థింసా చూడాలంటే రిసార్టువాళ్ల ద్వారా కాకుండా, మీ డ్రైవరుతో చెప్పి బృందం పెద్దతోనే మాట్లాడి డబ్బు ఆమె చేతికే ఇవ్వండి. ఒకరి నడుము వెనక ఒకరు చేతులు కలిపి వేసే ఆ అడుగులు చూడ్డానికి తేలిగ్గా ఉంటాయి గానీ, సాయంత్రం దాకా పొలం పని చేసి వచ్చి ఆడుతున్నారని గుర్తుంచుకోండి. తాగినవాళ్లు మధ్యలో దూరి ఆడటం జరుగుతుంది. మీ వాళ్లెవరైనా అలా చేయబోతే మీరే ఆపాలి.

ఇంకో సంగతి రాయక తప్పదు. మీ గుంపులో కాలేజీ కుర్రాళ్లున్నారన్నారు. అక్కడి యువకులను గంజాయి దొరుకుతుందా అని అడిగే టూరిస్టులు చాలామంది. మీవాళ్లకు అది సరదా కావచ్చు. అడిగితే తెచ్చిచ్చే అలవాటు పడ్డ కుర్రాడు రేపు మూటలు మోసేదాకా పోతాడు. 20 కిలోలు దాటితే మాదకద్రవ్యాల (ఎన్డీపీఎస్) చట్టం కింద కనీసం పదేళ్ల శిక్ష. నా దగ్గర అక్షరాలు దిద్దిన ఇద్దరు అలాగే జైలుకెళ్లారు. బయల్దేరేముందే మీ పిల్లలతో ఈ విషయం కూర్చుని మాట్లాడండి.

బొర్రా గుహల్లో చెప్పాల్సింది ఒకటే, రాళ్లను ముట్టుకోకండి. పైనుంచి వేలాడే ఆ సున్నపు రాయి నీటిబొట్టు వెంట బొట్టు పేరుకుని, ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరిగితే ఎక్కువ. మన చేతి జిడ్డు అంటుకున్న చోట సున్నం సరిగ్గా పట్టదు, నల్లబడిపోతుంది. ఫ్లాష్‌లు, కేకలు కూడా వద్దు, లోపల గబ్బిలాలుంటాయి. అనంతగిరి ఘాట్‌లో కోతులకు అరటిపళ్లు విసరకండి. రుచి మరిగి రోడ్డు మీదే కూర్చుని, బళ్ల కింద పడుతున్నాయి.

చివరగా మీరు అడిగిన పిల్లల సంగతి. మీరు మంచి మనసుతోనే అడిగారని తెలుసు, అయినా వద్దనే చెప్తాను. రోడ్డు మీద కారు ఆపి చాక్లెట్లు, పది రూపాయల నోట్లు పంచితే ఏమవుతుందో బడిలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. మా తరగతిలో డిసెంబరు శనివారాలు పిల్లలు తగ్గిపోయేవారు. వ్యూపాయింట్ దగ్గర నిలబడితే యాభై వస్తాయని అన్న చెప్తాడు, తమ్ముడూ వెళ్తాడు. తండ్రికి రోజంతా కూలి చేస్తే వచ్చేదాని పక్కన ఆ యాభై పెట్టి చూసుకున్న పిల్లాడికి బడి మీద మనసు నిలవదు. తర్వాత ఏడాది వాణ్ని వెనక్కి తేవడానికి నేను ఎన్ని ఇళ్లు తిరిగానో. పాత బట్టలు కూడా అంతే. చిరిగినవీ, బిగుతైనవీ మూట కట్టి ఊళ్లో దింపేస్తే సగం గెడ్డ ఒడ్డున పడి ఉంటాయి.

ఇవ్వాలని నిజంగా ఉంటే వెళ్లడానికి రెండు వారాల ముందు మీరు దిగబోయే చోటికి దగ్గరున్న గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాల హెడ్మాస్టరుకు ఫోను చేయండి. మీ హోమ్‌స్టే వాళ్లు నంబరు కనుక్కుని ఇస్తారు. ఏం కావాలో ఆయన్నే అడగండి. డిసెంబరు, జనవరి చలిలో చాలాసార్లు వచ్చే జవాబు దుప్పట్లు, ఉన్ని టోపీలు, మేజోళ్లు. కొన్ని బడుల్లో తెలుగు కథల పుస్తకాలు అడుగుతారు. కొలతలు, లెక్క రాసుకుని కొత్తవే కొనండి, ఆఫీసు గదిలో అప్పజెప్పండి. పిల్లలను వరుసలో నిలబెట్టి ఇస్తూ ఫొటో తీయించుకోకండి. మీ పిల్లలు అక్కడి పిల్లలతో కలవాలనుకుంటే హెడ్మాస్టరు ఒప్పుకుంటే సాయంత్రం ఆటల పీరియడ్‌కు పంపండి. వాలీబాల్ ఒకటి వెంట తీసుకెళ్లండి, వాళ్ల దగ్గర ఉన్నదానికి ఎప్పుడూ గాలి నిలవదు.